వాటర్ పేపర్ పడిన కారుకు మెరుపు తిరిగి వచ్చే విధానం

కారు బానెట్టు మీద కొత్తగా కొట్టిన పెయింటును నీటిలో తడిపిన సన్నని గరుకు కాగితంతో రుద్దినప్పుడు, అంతకు ముందు కాస్తో కూస్తో మెరుస్తున్న ఉపరితలమంతా మసకబారి, నల్లని కారైతే బూడిద రంగులోకి, ఎర్రని కారైతే వెలిసిన గులాబీ రంగులోకి మారినట్లు కనిపిస్తుంది. షెడ్డులో ఈ దశను చూసిన యజమాని బండి పాడైందని కంగారు పడటం సహజమే గాని, అది పెయింటరు తెలిసి చేసే పని. స్ప్రే గన్నుతో కొట్టిన పెయింటు ఆరేటప్పుడు దాని మీద చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు ఏర్పడతాయి; వాటిని పెయింటర్లు ఆరెంజ్ పీల్ అంటారు. తడి ఆరకముందే దుమ్ము రేణువులు వచ్చి అతుక్కుంటాయి. నిలువుగా ఉండే తలుపుల మీద పెయింటు ఎక్కువైన చోట కారి చారలు కడుతుంది. వీటన్నిటినీ అరగదీసి ఉపరితలాన్ని చదును చేసే పనిని షెడ్లలో వాటర్ పేపర్ రబ్బింగ్ అంటారు. ఆ తర్వాత మెరుపును రప్పించే పనికి కాంపౌండింగ్, పాలిషింగ్, బఫింగ్ అన్న పేర్లు వాడుకలో ఉన్నాయి. ఈ రెండో పని విషయంలో వాహనదారుల్లో ఒక అపోహ పాతుకుపోయింది: పాలిష్ అంటే మెరిసే పదార్థమేదో పైన పూయడమని. వాస్తవానికి పాలిషింగు కూడా రాపిడే. వాటర్ పేపరు వేసిన గీతలను అంతకంటే చిన్న గీతలతో, వాటిని మరింత చిన్న గీతలతో చెరిపివేస్తూ, చివరకు కంటికి ఆనని స్థాయికి తీసుకుపోవడమే ఆ పనిలోని సారం. పైపూతతో వచ్చే మెరుపు వేరు, గీతలు తరగడం వల్ల వచ్చే మెరుపు వేరు. మొదటిది నాలుగు సార్లు కడిగితే పోతుంది, రెండోది నిలుస్తుంది.

పశ్చిమ ప్రకాశం వాహనదారులకు ఈ తేడా తెలియడం మరింత అవసరం. మార్కాపురం వైపు నుంచి వచ్చే వాహనాలైనా, కర్నూలు నుంచి ఆత్మకూరు మీదుగా వచ్చేవైనా శ్రీశైలం చేరాలంటే పెద్దదోర్నాల కూడలిలో మలుపు తిరిగి నల్లమల ఘాట్ రోడ్డు ఎక్కవలసిందే. అక్కడి నుంచి క్షేత్రానికి సుమారు 50 కిలోమీటర్ల అడవి దారి. మహాశివరాత్రికీ, కార్తీక మాసంలోనూ, కన్నడ భక్తులు పెద్ద సంఖ్యలో వచ్చే ఉగాదికీ ఈ దారి వాహనాలతో కిక్కిరిసిపోతుంది. ఎదురు వాహనానికి తప్పుకొనేటప్పుడు తలుపులకు రాసుకునే కొమ్మలు, ఆగిన బండి పైకప్పు మీదికి ఎగబాకే కోతులు, వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, దారి పొడవునా లేచే దుమ్ము, ఇవన్నీ పెయింటు మీద తమ గుర్తులు వదులుతాయి. వీటన్నిటికంటే ఎక్కువ హాని చేసేది మాత్రం ఆ దుమ్మును పొడి గుడ్డతో తుడిచే అలవాటు. రోడ్డు దుమ్ములో ఉండే స్ఫటిక శిల రేణువులు, అంటే క్వార్ట్జ్ రేణువులు, పెయింటు కంటే చాలా గట్టివి కాబట్టి, గుడ్డ కింద పడి ప్రతి తుడుపుకూ ఒక సన్నని గీత గీస్తాయి. కొన్నేళ్లకు అవన్నీ కలిసి ఎండలో సాలెగూడు లాంటి వలయాలుగా బయటపడతాయి.

ఇప్పటి కారు మీద పెయింటు ఒకే పొరగా ఉండదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా కాపాడే ప్రైమరు, దానిపై ఉపరితలాన్ని చదును చేసే సర్ఫేసరు, ఆపైన రంగునిచ్చే బేస్ కోటు, అన్నిటికీ పైన రంగు లేని పారదర్శకమైన క్లియర్ కోటు వరుసగా ఉంటాయి. ఈ పొరల మందాన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఫ్యాక్టరీ పెయింటు పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల లోపే ఉంటుంది, అందులో క్లియర్ కోటు వాటా 40 నుంచి 50 మైక్రాన్లు. మెరుపంతా ఈ పై పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు కిందికి దిగి రంగును వెలిసిపోనివ్వకుండా అడ్డుకునే రసాయనాలు కూడా ఈ పొరలోనే ఉంటాయి. రబ్బింగుకూ, కాంపౌండుకూ అరిగేది ఈ పొరే. అరిగినది తిరిగి పెరగదు. కాబట్టి వాహనం జీవితకాలంలో ఎన్నిసార్లు, ఎంత లోతున రుద్దవచ్చునన్నది ఈ నలభై చిల్లర మైక్రాన్ల మీదనే ఆధారపడి ఉంటుంది. పాత పద్ధతిలో క్లియర్ కోటు లేకుండా రంగు, మెరుపు రెండూ ఒకే పొరలో ఉండే పెయింట్లు కొన్ని వాహనాల మీద ఇంకా కనిపిస్తాయి; కాంపౌండు వేసిన తెల్లగుడ్డకు కారు రంగు అంటుకుంటే అది ఆ తరహాదని తెలుసుకోవచ్చు. క్లియర్ కోటు ఉన్న కారు మీద రుద్దుతుండగా గుడ్డకు రంగు అంటిందంటే మాత్రం పై పొర తెగి బేస్ కోటు బయటపడిందని అర్థం.

ఉపరితలం ఎందుకు మెరుస్తుంది, ఎందుకు మసకబారుతుంది అన్న ప్రశ్నకు ఈ ప్రాంతపు రాళ్లే చక్కని సమాధానం ఇస్తాయి. మార్కాపురం పలకల రాయికి పేరు. బలపంతో రాసే బడి పలకలు ఒకప్పుడు ఇక్కడి నుంచే ఊరూరికీ వెళ్లాయి. పలక మీద బలపం గీత పడాలంటే పలక కాస్త గరుకుగా, మెరుపు లేకుండా ఉండాలి. అదే ప్రకాశం నేలలో తూర్పున చీమకుర్తి క్వారీల నుంచి తీసే గెలాక్సీ గ్రానైటు, లోపలి బ్రాంజైట్ ఖనిజపు రేణువులు చుక్కల్లా తళుక్కుమనే నల్లరాయి, పాలిష్ పడితే ముఖం చూసుకునేంతగా మెరుస్తుంది. యంత్రంతో కోసిన వెంటనే మాత్రం ఆ రాయి నల్లగా ఉండదు, బూడిద రంగులో ఉంటుంది. నీళ్లు పోస్తూ ముతక బిళ్లతో మొదలుపెట్టి అంతకంతకూ సన్నని బిళ్లలతో వరుసగా రుద్దుతూ పోతేనే దానిలోని నలుపు బయటికి వస్తుంది. రాతిలో కొత్తగా చేరిన రంగు ఏదీ లేదు. గరుకు ఉపరితలం మీద పడిన వెలుగు నలుదిక్కులకూ చెదిరిపోయి, ఆ చెదిరిన తెల్లని వెలుగు అసలు రంగుతో కలిసి దానిని పాలిపోయినట్లు చూపుతుంది. ఉపరితలం నునుపైతే వెలుగు ఒకే దిశలో తిరిగి వెళ్లి, ఎదుటి వస్తువు బింబాన్ని చూపుతుంది, మిగిలిన కోణాల్లో అసలు రంగు గాఢంగా కనిపిస్తుంది. రబ్బింగు తర్వాత నల్లకారు బూడిద రంగులోకి మారడానికి కారణం ఇదే. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఎగుడుదిగుళ్ల ఎత్తు ఆ తరంగదైర్ఘ్యంలో సుమారు ఎనిమిదో వంతుకు తగ్గితే గాని ఉపరితలం అద్దంలా ప్రవర్తించదని భౌతికశాస్త్రంలో ఒక అంచనా సూత్రం ఉంది. అంటే మైక్రానులో పదో వంతు కంటే చిన్న ఎగుడుదిగుళ్ల దాకా పని సాగాలన్నమాట. పాలిషింగ్ అంటే గీతలను కంటికి ఆనని పరిమాణానికి తగ్గించడమేనని ఐజాక్ న్యూటన్ 1704లో వెలువడిన తన ఆప్టిక్స్ గ్రంథంలో గాజు విషయంలో వివరించాడు.

ఇక్కడే మోసానికీ, పొరపాటుకూ చోటిచ్చే మరో విషయం ఉంది. రుద్దిన పెయింటు మీద నీళ్లు చల్లితే ఆ క్షణానికి మెరుపు పూర్తిగా వచ్చేసినట్లు కనిపిస్తుంది, ఆరగానే మళ్లీ మసక తేలుతుంది. వెలుగును వంచే గుణంలో నీరు గాలి కంటే పెయింటుకు చాలా దగ్గరగా ఉండటం వల్ల, గీతల్లో నిండిన నీరు వాటిని తాత్కాలికంగా దాచేస్తుంది. నూనెలు, మైనాలు, సిలికోన్లు ఉన్న కొన్ని పాలిష్‌లు చేసేదీ ఇదే. తేడా అల్లా అవి నీటిలా గంటలో ఆరిపోవు, కొన్ని వారాలు నిలుస్తాయి. గీతలు అలాగే ఉండగా పైన ఇటువంటి పాలిష్ పట్టించి అప్పగించిన కారు షెడ్డు గుమ్మంలో ధగధగలాడుతుంది, నాలుగు వానలకో నాలుగు కడుగులకో పాత గీతలన్నీ తిరిగి తేలుతాయి. నిజమైన పనిని గుర్తించే పద్ధతి కష్టమైనదేమీ కాదు. ఐసోప్రొపైల్ ఆల్కహాలును సమానంగా నీటితో కలిపి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ మీద చల్లి తుడిస్తే నూనెలు చాలావరకు వదిలిపోతాయి. అప్పుడు ఎండలో నిలిపి, ఉపరితలానికి ఎదురుగా నిలబడి చూడాలి. ఏటవాలుగా చూస్తే గరుకు ఉపరితలం కూడా మెరిసినట్లే కనిపిస్తుంది కాబట్టి పక్క నుంచి చూసి తీర్పు చెప్పకూడదు.

వాటర్ పేపరు పుట్టుక కూడా కారు పెయింటుతోనే ముడిపడి ఉంది. ఫిలడెల్ఫియాకు చెందిన ఫ్రాన్సిస్ ఓకీ రూపొందించిన, నీటిలో నానినా పాడుకాని గరుకు కాగితం హక్కులను కొని, అమెరికాలోని త్రీఎం సంస్థ 1921లో దానిని వెట్ ఆర్ డ్రై పేరుతో మార్కెట్లోకి తెచ్చింది. అప్పటిదాకా పొడిగా రుద్దే కార్మికులు, సీసం కలిసిన పెయింటు దుమ్మును రోజంతా పీల్చవలసి వచ్చేది. కొత్త కాగితం ఆ దుమ్మును తగ్గించింది. అరిగిన పొడిని నీరు ఎప్పటికప్పుడు తోసివేయడంతో కాగితం పూడుకుపోకుండా గీత సమంగా పడింది. ఆ దశకంలోనే డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ లాకరు కార్ల మీదికి వచ్చి, వారాల తరబడి సాగే పెయింటు పనిని రోజుల్లోకి కుదించింది. ఈ రకం పెయింటు త్వరగా ఆరుతుంది గాని కొట్టిన వెంటనే దానికి మెరుపు తక్కువ, రుద్దితేనే తేలుతుంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలంలో మన టింకరింగ్, పెయింటింగ్ షెడ్లలో ఎన్‌సీ పెయింటుగా పేరుపడినది ఈ జాతిదే. చేత్తో కాంపౌండు పట్టించి గంటల తరబడి రుద్దే నేర్పు పాత పెయింటర్లకు ఆ రోజుల్లోనే అబ్బింది. పొరలు పొరలుగా కొట్టిన ఆ పెయింటు మీద ఆ నేర్పు సరిపోయింది గాని, క్లియర్ కోటు కార్ల మీద అదే ధాటిగా రుద్దితే పొర తెగుతుంది. ఈ ప్రాంతంలో చేయి తిరిగిన పనివారికి కొరత లేదు. వారికి లేనిది పెయింటు మందాన్ని కొలిచే చిన్న యంత్రం. రేకు మీద ఆనించగానే మొత్తం పొరల మందాన్ని మైక్రాన్లలో చూపే ఆ గేజీని రెండు మూడు షెడ్లు కలిసి కొనుక్కున్నా ఎన్నో బండ్లు బాగుపడతాయి.

రబ్బింగులో కాగితం మీది అంకె పెరిగేకొద్దీ రేణువు చిన్నదవుతుంది. పి1000 కాగితంలో రేణువు సుమారు 18 మైక్రాన్లు, పి1500లో సుమారు 12.6, పి2000లో సుమారు 10 మైక్రాన్లు ఉంటుంది. రేణువు పరిమాణమంత లోతున గీత పడదు గాని, అంకె తక్కువైన కొద్దీ గీత లోతు పెరుగుతుంది. కారిన చార, ఎత్తుగా లేచిన దుమ్ము చుక్క వంటి లోపాలు ఉన్న చోట మాత్రమే 1000 లేదా 1200తో మొదలుపెట్టి, మిగిలిన ఉపరితలాన్ని 1500తోనో 2000తోనో చదును చేయడం వివేకం. కాగితాన్ని వేళ్లకు చుట్టి రుద్దితే వేళ్లు ఆనిన చోట గాడులు పడతాయి కాబట్టి మెత్తని రబ్బరు దిమ్మె వాడాలి. కాసిని చుక్కల కారు షాంపూ కలిపిన నీటిలో కాగితాన్ని ముందుగా నానబెట్టాలి. గుండ్రంగా తిప్పకుండా సూటిగా ఒకే దిశలో రుద్దాలి. మధ్య మధ్య నీటిని రబ్బరు పట్టీతో లాగేసి చూసినప్పుడు మసకబారిన భాగం మధ్యలో మెరుస్తున్న చుక్కలు కనిపిస్తే, అవి ఇంకా కాగితం తగలని పల్లాలు. పల్లాలన్నీ పోయేదాకా రుద్దాలన్న పట్టుదల ప్రమాదకరం. పెయింటు పలచగా ఉన్న చోట కొన్ని పల్లాలను వదిలేయడమే మంచి పనివాడి లక్షణం. తర్వాతి కాగితానికి మారేటప్పుడు దిశను కాస్త వాలుగా మార్చితే పాత గీతలు ఎక్కడెక్కడ మిగిలాయో తెలిసిపోతుంది. చివరగా 3000 అంకె ఉన్న, వెనుక స్పాంజి గల మెత్తని బిళ్లతో రుద్దినట్లయితే తర్వాతి కాంపౌండు పని సగానికి తగ్గుతుంది. సమయం మిగుల్చుకోవాలని ఈ దశను దాటవేసినవారు ఆ సమయాన్ని పాలిషింగ్ మిషను మీద రెట్టింపుగా చెల్లిస్తారు, పైగా మిషను పుట్టించే వేడిని పెయింటు భరించాలి.

కాంపౌండు అంటే అల్యూమినియం ఆక్సైడు వంటి గట్టి పదార్థపు సన్నని రేణువులను ముద్దగా కలిపిన పదార్థం. కొన్ని కాంపౌండ్లలో రేణువులు రుద్దేకొద్దీ విరిగి మరింత సన్నబడతాయి, అందువల్ల మొదట గీతను కోసి చివరికి నునుపు చేస్తాయి. అవి పూర్తిగా విరిగేదాకా పని సాగించకుండా మధ్యలో తుడిచేస్తే మసక మిగిలిపోతుంది. వాటర్ పేపరు గీతలను తీయడానికి ఉన్ని ప్యాడు వేగంగా పనిచేస్తుంది, దాని వెనుక మిగిలే సన్నని గీతలను స్పాంజి ప్యాడు మీద నాజూకు పాలిష్‌తో తీయాలి. ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగే రోటరీ మిషను త్వరగా కోస్తుంది, త్వరగా వేడెక్కిస్తుంది. తిరుగుతూనే ఊగే డ్యూయల్ యాక్షన్ మిషను నెమ్మదైనది, కొత్తగా నేర్చుకునే వారికి అదే క్షేమం. రోటరీని నిమిషానికి 1000 నుంచి 1500 చుట్లకు మించనీయకుండా, అరచేయి వెడల్పు గళ్లుగా భాగించుకొని, ఎక్కడా ఆపకుండా కదుపుతూ ఉండాలి. పెయింటు చేయి ఆనించలేనంత వేడెక్కితే మెత్తబడి, ప్యాడు కింద లాగబడి, ఇక ఏ పాలిష్‌కూ పోని మచ్చ పడుతుంది. బానెట్టు అంచులు, తలుపుల మీది మడత గీతలు, పిడి చుట్టూ ఉండే వంపులు ఇంకా సున్నితమైనవి: తడి పెయింటు ఆరేటప్పుడు పదునైన అంచు నుంచి పక్కకు జరుగుతుంది కాబట్టి అక్కడ పొర పలచగా ఉంటుంది, ప్యాడు ఒత్తిడేమో అక్కడే ఎక్కువగా పడుతుంది. రబ్బింగుకు ముందే ఈ అంచుల మీద మాస్కింగ్ టేపు అంటించి, చివరిలో టేపు తీసి చేత్తో రెండు తుడుపులు తుడవడం తెలిసినవారి పద్ధతి. ఇవన్నీ ముగిశాక పట్టించే మైనం గాని, సిరామిక్ కోటింగు గాని వచ్చిన మెరుపును కాపాడే కవచం మాత్రమే. కొత్త పెయింటు మీద నెల రోజులైనా గడవకుండా మైనం పట్టించకూడదు, లోపలి ద్రావకం పూర్తిగా ఆవిరి కావాలి.

ఆ ద్రావకం సంగతే రబ్బింగు వేళను కూడా నిర్ణయిస్తుంది. ఫ్యాక్టరీలో పెయింటును సుమారు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మరమ్మతు షెడ్లలో వాడే, గట్టిపరిచే ద్రావణం కలిపి కొట్టే రెండు భాగాల పెయింటును 60 డిగ్రీల వేడి ఉండే పెయింటు బూత్‌లో, అంటే మూసిన గదిలో, అరగంట ఆరబెడతారు. బూత్ లేని చిన్న ఊళ్లలో గాలికే ఆరాలి. పైకి ఆరినట్లు కనిపించినా లోపల పచ్చిగా ఉన్న పెయింటును రుద్ది మెరుపు తేల్చితే, ద్రావకం పోయేకొద్దీ పొర కుంచించుకొని గీతలు మళ్లీ పైకి తేలుతాయి. తయారీదారు డబ్బా మీద రాసిన గడువు పాటించడం కంటే వేరే దారి లేదు.

పశ్చిమ ప్రకాశంలో మరో చిక్కు నీరు. ఇక్కడి బోరు నీటిలో ఫ్లోరైడుతో పాటు కఠినత్వం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాల శాతం, ఎక్కువ. ఎండలో ఉన్న బండి మీద ఆ నీటి చుక్క ఆరితే తెల్లని గుండ్రని మచ్చ మిగులుతుంది, వేడికి అది పెయింటులోకి పట్టేస్తుంది. బోరు నీటితో వచ్చే సన్నని ఇసుక వాటర్ పేపరు కింద పడితే 2000 అంకె కాగితం కూడా ముతక కాగితంలా గీతలు పెడుతుంది. తాగునీటికే క్యాన్లు కొనుక్కునే చోట కారుకు శుద్ధ జలం వాడమనడం న్యాయం కాదు గాని, రబ్బింగు బక్కెట్టుకు మాత్రం ఆ నీరు అరబక్కెట్టు చాలు. మామూలు కడుగుడుకు బోరు నీరే వాడి, చుక్కలు ఆరకముందే గుడ్డతో అద్ది తీస్తే సరిపోతుంది. పని వేళ కూడా ముఖ్యమే. మే నెల మధ్యాహ్నపు ఎండలో కారు రేకు అరచేయి ఆనించలేనంతగా కాలుతుంది, ఆ రేకు మీద కాంపౌండు నిమిషంలో ఎండి పొడి కడుతుంది. ఉదయం పూట, నీడపట్టున, రేకు చల్లబడ్డాకనే పని మొదలుపెట్టాలి.

పనివారి ఆరోగ్యం గురించి ఒక మాట చెప్పక తప్పదు. రెండు భాగాల పెయింటులోని గట్టిపరిచే ద్రావణంలో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసేటప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసానికి దారితీయవచ్చు, ఒకసారి వచ్చిన ఉబ్బసం తర్వాత కొద్దిపాటి తాకిడికే తిరగబెడుతుంది. మూతికి కట్టుకున్న తువాలు దానిని ఆపదు, గుడ్డ మాస్కూ ఆపదు. స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే మాస్కు కావాలి. తడి రబ్బింగు దుమ్మును తగ్గిస్తుంది గాని ఆరిన బురదను చీపురుతో ఊడిస్తే అదే దుమ్ము మళ్లీ లేస్తుంది కాబట్టి దానిని తడిగా ఉండగానే ఎత్తి పారవేయాలి.

ఇంత పని తెలిసినా తీయలేని గీతలు ఉంటాయి. గోరు అడ్డంగా గీస్తే పట్టుకునే గీత సాధారణంగా క్లియర్ కోటును దాటి దిగినట్లే; దానిని రుద్ది తీయబోతే చుట్టూ ఉన్న పొర కూడా పోతుంది, అటువంటి చోట టచింగ్ చేయించి ఊరుకోవడం మేలు. ఎండకు పొక్కులు లేచి పొలుసులుగా ఊడుతున్న క్లియర్ కోటుకు పాలిష్ పనిచేయదు. మెటాలిక్ రంగుల కార్లలో క్లియర్ కోటు ఒక్కసారి తెగిందంటే కింద ఉన్న లోహపు రేకులు చెదిరి మచ్చ పడుతుంది, ఆ భాగమంతా మళ్లీ పెయింటు కొట్టించక తప్పదు. కాబట్టి పెద్దదోర్నాలలోనైనా, మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా బండిని పాలిష్‌కు ఇచ్చే యజమాని ఇంతకు ముందు దానిని ఎన్నిసార్లు రుద్దించాడో షెడ్డువారికి దాచకుండా చెప్పాలి, డబ్బు చెల్లించే ముందు ఒక తలుపును ఆల్కహాలుతో తుడిపించి ఎండలో ఎదురుగా నిలబడి చూసుకోవాలి. అప్పటికే రెండు మూడు సార్లు గట్టిగా కాంపౌండు పడిన కారైతే మళ్లీ వాటర్ పేపరు పెట్టనివ్వకుండా, సన్నని గీతలు ఉన్నవి ఉన్నట్లే ఉంచి, ఉన్న పొరను మైనంతో కాపాడుకోవడమే సరైన నిర్ణయం.